పది మెగాబైట్ల మేస్త్రి

2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసు చేతికొచ్చింది. కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానానికి అలా రాసిచ్చిన ఆ పాసు ఫొటో ఆ రోజంతా ఫోన్లలో చక్కర్లు కొట్టింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌లో దోషం ఉండటంతో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. చెడ్డ ఫైలు ఒక్కటే. దాన్ని చెరిపేస్తే కంప్యూటర్ లేస్తుంది. క్రౌడ్‌స్ట్రైక్ కూడా గంటన్నర లోపే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. అయినా విమాన సంస్థలు, ఆసుపత్రులు, బ్యాంకులు రోజుల తరబడి తంటాలు పడ్డాయి. అసలు లేవని కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద ఏ ఆదేశం పంపినా వినేవాడుండడు. మనిషి వెళ్లి దాని ముందు కూర్చోవాల్సిందే.

మైక్రోసాఫ్ట్ రెండు మూడు రోజుల్లోనే ఒక రికవరీ సాధనం విడుదల చేసింది. పెన్‌డ్రైవ్‌లో పట్టే బుల్లి విండోస్ అది. పాడైన ఓఎస్‌ను లేపే ప్రయత్నం చేయకుండా తానే బూట్ అయి, ఆ ఒక్క ఫైలూ తీసేసి, తప్పుకుంటుంది. తర్వాత పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేకుండా నెట్‌వర్క్ కేబుల్ మీదుగానే బూట్ చేసే దారినీ జతచేశారు. బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కుల దగ్గర మాత్రం 48 అంకెల కీని ఎవరో ఒకరు వెతికి పట్టుకుని టైపు చేయక తప్పలేదు.

ఈ ఘటన మీద కలం పట్టినవాళ్లలో ఎక్కువమంది ఇన్ని సంస్థలు ఒకే కంపెనీని నమ్ముకోవడం గురించి రాశారు. సరైన చర్చే. దాని చాటున ఇంకో ప్రశ్న ఉండిపోయింది. వందల కంప్యూటర్లు నడిపే కాలేజీకో, ఆసుపత్రికో, జిల్లా కార్యాలయానికో వాటన్నిటినీ ఖాళీ డిస్కు దగ్గర్నుంచి మళ్లీ నిలబెట్టగల సొంత సాధనం ఉందా? ఉంటే దాని లోపల ఏముందో ఆ సంస్థలో ఒక్కరికైనా తెలుసా? లినక్స్ లోకం ముప్పై ఏళ్లుగా ఈ పని మీదే ఉంది. అక్కడ దీన్ని మినిమల్ బూట్ ఇమేజ్ అంటారు. దాన్ని ఎవరో చేసిపెట్టింది తెచ్చుకోవడం కంటే సొంతంగా కట్టుకోవడం మేలు. కట్టడాన్ని ఇంజినీరింగ్ విద్యార్థులకు నేర్పడం ఇంకా మేలు.

ఇమేజ్ అంటే నిజానికి రెండు ఫైళ్లు. ఒకటి లినక్స్ కెర్నెల్. రెండోది దానితోపాటే ర్యామ్‌లోకి దిగే చిన్న ఫైల్ సిస్టమ్, పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. రెండూ కలిస్తే ఒక మేస్త్రి. తాపీ, తట్ట తనే తెచ్చుకుంటాడు, ఇల్లు కడతాడు, కట్టిన ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండకుండా వెళ్లిపోతాడు. డిస్కును పార్టిషన్లు చేయడం, ఫైల్ సిస్టమ్ వేయడం, అసలు ఓఎస్‌ను సర్వర్ నుంచి తెచ్చి దించడం, బూట్‌లోడర్ పెట్టడం, రీబూట్ కొట్టడం. ఇంతే పని. కీబోర్డు మీద ఎవరూ చెయ్యి పెట్టరు, ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కేవాడు ఉండడు. శ్రద్ధగా కడితే ఇదంతా పది, పదిహేను మెగాబైట్లలో సరిపోతుంది.

ఈ పొదుపు ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాలంటే ఫ్లాపీల రోజులకు వెళ్లాలి. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ బయటపెట్టాక తొలితరం వాడుకదారులు ఒక బూట్ ఫ్లాపీ, ఒక రూట్ ఫ్లాపీతో పని మొదలెట్టేవారు. 1993లో వచ్చిన స్లాక్‌వేర్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ తొలి వెర్షన్ 24 ఫ్లాపీలు. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఇన్‌స్టాలర్ మొదటి అడుగు వేయాలన్నా అందులోనే ఇమడాలి. 1995లో బ్రూస్ పెరెన్స్ అనే ప్రోగ్రామర్ డెబియన్ అనే మరో డిస్ట్రిబ్యూషన్ ఇన్‌స్టాలర్ కోసం, రెస్క్యూ డిస్కు కోసం ఒక కిటుకు కనిపెట్టాడు. ఫైళ్లు చూపించే ఎల్ఎస్, కాపీ చేసే సీపీ, డిస్కు తగిలించే మౌంట్ లాంటి పదుల కొద్దీ చిన్న ప్రోగ్రాములన్నిటినీ ఒకే ప్రోగ్రాములో కుదించాడు. దాన్ని ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది. అదే బిజీబాక్స్. పెరెన్స్ అప్పట్లో ‘టాయ్ స్టోరీ’ తీసిన పిక్సార్‌లో ఉద్యోగి. డెబియన్ వెర్షన్లకు ఇప్పటికీ ‘టాయ్ స్టోరీ’ బొమ్మల పేర్లు పెట్టడం ఆ కాలం నుంచి వచ్చిన అలవాటే.

ఫ్లాపీలు పోయాయి, బిజీబాక్స్ ఉండిపోయింది. ఇప్పుడు అందులో మూడొందలకు పైగా కమాండ్లు ఉన్నాయి. ఏ లైబ్రరీ మీదా ఆధారపడకుండా స్టాటిక్‌గా కట్టినా ఒక మెగాబైటుకు అటూ ఇటూగా తేలుతుంది. ఇళ్లలోని వైఫై రూటర్లలో చాలావాటి లోపల నడుస్తున్నది ఇదే. దీని లైసెన్సు జీపీఎల్. అంటే ఇమేజ్‌ను ఇంకొకరికి ఇచ్చేవారు సోర్స్ కోడ్ కూడా అందుబాటులో పెట్టాలి. 2007లో మాన్‌సూన్ మల్టీమీడియా అనే కంపెనీ అది మరిచినందుకు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. జీపీఎల్ ఉల్లంఘనపై అమెరికాలో దాఖలైన తొలి దావా అదే.

మామూలు ఓఎస్ బూట్ అయ్యేటప్పుడు తెర వెనక వందల ఫైళ్లు కదులుతాయి. మినిమల్ ఇమేజ్‌లో కదిలేది ఒక్కటే, ఇనిట్ అనే స్క్రిప్టు. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్ నాటినుంచీ పద్ధతి ఇలా ఉంది: కెర్నెల్ ర్యామ్‌లో సీపీఐఓ ఆర్కైవ్‌ను విప్పుతుంది, అందులో ఇనిట్ పేరుతో ఉన్న ఫైలుకు పగ్గాలు అప్పగిస్తుంది, ఆపైన ఏం జరిగినా ఆ ఫైలుదే బాధ్యత. అది రాసింది ఎవరైతే కంప్యూటర్ యజమాని వాళ్లే. నలభై, యాభై వరుసల స్క్రిప్టుతో ఖాళీ డిస్కు మీద పూర్తి ఓఎస్ నిలబెట్టవచ్చు. ఆ స్క్రిప్టు రాసేటప్పుడు తగిలే దెబ్బల్లోనే అసలు చదువంతా ఉంది.

మొదటి దెబ్బ సాధారణంగా ఇలా ఉంటుంది. బిజీబాక్స్‌ను స్టాటిక్‌గా కాకుండా మామూలుగా కట్టి ఇమేజ్‌లో పెడతారు. బూట్ చేస్తే కెర్నెల్ ‘ఇనిట్‌ను నడపలేకపోయాను, అలాంటి ఫైలు లేదు’ అని చెప్పి పానిక్ అయి ఆగిపోతుంది. ఫైలు కళ్లముందే ఉంటుంది. అనుమతులు సరిగ్గా ఉంటాయి. లేనిది ఫైలు కాదు, ఆ ఫైలును నడపడానికి కావలసిన లోడర్, లైబ్రరీలు. కెర్నెల్‌కు ఆ తేడా విడమరిచి చెప్పే అలవాటు లేదు. ఈ ఒక్క గోడ దగ్గర గంటసేపు తల బాదుకున్న విద్యార్థికి ఎగ్జిక్యూటబుల్ ఫైలు అంటే ఏమిటో జీవితంలో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత ప్రాక్, సిస్, డివైస్ ఫైల్ సిస్టమ్‌లను ఎవరికి వారే మౌంట్ చేసుకోవాలి. పెద్ద ఓఎస్‌లో ఇవి వాటంతటవే వచ్చి ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మౌంట్ చేయకపోతే డిస్కే కనపడదు. ఆపైన నెట్‌వర్క్. ఐపీ అడ్రస్ తెచ్చే పని బిజీబాక్స్‌లోని చిన్న డీహెచ్‌సీపీ క్లయింటుది. అది సర్వర్‌ను అడుగుతుంది, అడ్రస్ దొరికిందని తెరమీద రాస్తుంది, అయినా నెట్‌వర్క్ పనిచేయదు. వచ్చిన అడ్రస్‌ను కార్డుకు తగిలించే పని అది తనది కాదనుకుంటుంది. దానికి వేరే స్క్రిప్టు రాసి ఒక నిర్ణీత చోట పెట్టాలి. ఇది లోపం కాదు, అలా చేయడమే దాని డిజైన్. కానీ తొలిసారి ఎదురైనవాళ్లు కేబుళ్లు మార్చి, స్విచ్ మార్చి, చివరికి పక్కవాళ్ల మీద విసుక్కుంటారు.

ఇక గడియారం. పాత ల్యాబ్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఏళ్ల కిందటి ఏదో తేదీతో అది నిద్ర లేస్తుంది. ఆ గడియారాన్ని నమ్మి హెచ్‌టీటీపీఎస్ సర్వర్ దగ్గరకెళితే, సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని తలుపు మూసుకుంటుంది. బిజీబాక్స్ డబ్ల్యూగెట్‌తో అయితే కథ ఇంకా విచిత్రం. అది సర్టిఫికెట్‌ను అసలు పరిశీలించదు. పరిశీలించడం తనకు రాదని ఒక వరుసలో చెప్పి మరీ దించుకుంటుంది. కాబట్టి తెచ్చిన ఓఎస్ ఫైలు మీద డిజిటల్ సంతకాన్ని వేరుగా సరిచూసే ఏర్పాటు ఇమేజ్‌లో ఉండి తీరాలి. అది లేని ఇమేజ్‌ను వాడటం కంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని ల్యాబంతా తిరగడమే క్షేమం.

డిస్కు పేర్ల దగ్గర పొరపాటు జరిగితే నష్టం పెద్దది. మొదటి డిస్కుకు ఎస్‌డీఏ అనే పేరు ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. నిజానికి ఏ డిస్కు ముందు దొరికితే దానికి ఆ పేరు వస్తుంది. ఒకరోజు అది లోపలి డిస్కు, ఇంకోరోజు ఎవరో మరిచిపోయిన పెన్‌డ్రైవ్. పెద్ద ఓఎస్‌లో యూడెవ్ అనే సేవ డిస్కు సీరియల్ నంబరును బట్టి స్థిరమైన పేర్లు ఇస్తుంది. మినిమల్ ఇమేజ్‌లో ఆ సేవ ఉండదు. అందుకని సిస్ ఫైల్ సిస్టమ్‌లో చూసి, ఇది తీసేసే రకమా, ఎన్ని సెక్టార్లు ఉన్నాయి, మోడల్ ఏమిటి అని అడిగి తెలుసుకున్నాకే చెరపాలి. ఫైల్ సిస్టమ్ వేయడానికి బిజీబాక్స్‌లోని సాధనం ఈఎక్స్‌టీ2 దగ్గరే ఆగిపోయింది. కాబట్టి ఈఎక్స్‌టీ4 కావాలంటే అసలు సాధనాన్ని తెచ్చి పెట్టుకోవాలి. అలా అవసరం పడ్డ ఒక్కో వస్తువునూ ఎందుకో తెలిసి లోపల పెట్టడమే ఇక్కడ పద్ధతి.

చిన్నదనం అక్కర ఏమిటి, గిగాబిట్ నెట్‌వర్కులూ పదహారు గిగాబైట్ల ర్యామూ ఉన్న రోజుల్లో పది మెగాబైట్ల కోసం ఈ పాట్లెందుకు అని అడగవచ్చు. సగం జవాబు పాత ప్రొటోకాల్స్‌లో ఉంది. కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి లేపే పీఎక్స్ఈ పద్ధతిని 1990ల చివర్లో ఇంటెల్ రూపొందించింది. అందులో ఫైళ్లు మోసేది టీఎఫ్‌టీపీ. ఇది 1981 నాటి ప్రొటోకాల్. 512 బైట్ల ముక్క పంపి, ‘అందింది’ అని జవాబు వచ్చేదాకా ఆగి, అప్పుడు ఇంకో ముక్క పంపుతుంది. ముక్కల వరుస సంఖ్యకు 16 బిట్లే ఇచ్చారు కాబట్టి 65,535 ముక్కలు దాటితే లెక్క తప్పుతుంది. అంటే సుమారు 32 మెగాబైట్లు హద్దు. జవాబు తిరిగి రావడానికి ఒక మిల్లీసెకను పడుతుందనుకుంటే సెకనుకు అర మెగాబైటు నడక. పది మెగాబైట్ల ఇమేజ్ ఇరవై సెకన్లలో వస్తుంది, ఆరు వందల మెగాబైట్లదైతే, ఆ హద్దు అడ్డు రాలేదనుకున్నా, ఇరవై నిమిషాలు. తర్వాతి కాలంలో ముక్క సైజు పెంచే వీలు వచ్చింది, ఐపీఎక్స్ఈ లాంటివి హెచ్‌టీటీపీతో తెచ్చే దారి చూపాయి, యూఈఎఫ్ఐలో కూడా 2015 నుంచి అది ఉంది. కానీ ల్యాబుల్లోని పాత బోర్డులకు ఆ పాత నడకే దిక్కు.

మిగతా సగం జవాబు ర్యామ్. ఉబుంటు సర్వర్ 2020 నాటి 20.04 వెర్షన్‌తో పాత డెబియన్ తరహా ఇన్‌స్టాలర్‌ను పక్కనపెట్టి కొత్తదానికి మారింది. కొత్తదానితో నెట్‌వర్క్ బూట్ చేయాలంటే దాదాపు గిగాబైటు ఉన్న ఐఎస్ఓ మొత్తాన్ని ర్యామ్‌లోకి దించుకోవడం మామూలు మార్గమైంది. రెండు గిగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటర్ ఓఎస్‌ను చక్కగా నడపగలదు, ఇన్‌స్టాలర్‌నే నడపలేక చతికిలబడుతుంది. డెబియన్ వైపు బరువు వేరే కారణంతో పెరిగింది. నెట్‌వర్క్ కార్డులు, గ్రాఫిక్స్ చిప్‌లు అడిగే ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చాలా వద్దా అని ఆ సమూహం 2022లో ఓటింగ్ పెట్టుకుంది. చేర్చాలని తీర్పు వచ్చింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 అలా బరువెక్కింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. లోకంలోని ప్రతి కంప్యూటర్ మీదా నడవాలనుకునే ఇన్‌స్టాలర్‌కు ప్రతి కార్డు ఫర్మ్‌వేరూ కావాలి. ఒక కాలేజీలో ఉన్నవి రెండు మూడు మోడళ్లే. వాటికి అవసరమయ్యేది ఒకటో రెండో చిన్న ఫైళ్లు.

అయితే చిన్నదనంలోని అసలు లాభం మెగాబైట్లలో లేదు. మొత్తం ఒక మనిషి చదవగలిగేంత ఉండటంలో ఉంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఒక సంగతి బయటపెట్టాడు. తన కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని చూసి, తీగ లాగితే, ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనంలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి తేలింది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి నిర్వాహకుడి స్థానం సంపాదించుకున్నవారే ఆ పని చేశారు. లాగిన్ సేవకూ ఫైళ్లు కుదించే లైబ్రరీకీ ఏమిటి సంబంధం? ఎస్ఎస్‌హెచ్ సేవను కొన్ని డిస్ట్రిబ్యూషన్లు సిస్టమ్‌డీతో కలిపాయి, సిస్టమ్‌డీ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌ను లాక్కొచ్చింది. ఎవరూ అడగని చుట్టరికం. ఆ దొంగదారి డెబియన్, రెడ్‌హ్యాట్ తరహా ప్యాకేజీలు కట్టే చోటనే మేలుకునేలా రాశారు. మజిల్ అనే చిన్న సీ లైబ్రరీ, బిజీబాక్స్‌ల మీద కట్టిన అల్పైన్ లినక్స్ జోలికి అది పోలేదు.

ఇన్‌స్టాల్ చేసే సాధనం శుభ్రంగా లేకపోతే అది కట్టిన ప్రతి కంప్యూటరూ శుభ్రంగా లేనట్టే. ఒక కంప్యూటర్ పాడైతే నష్టం ఒకటికే, ఇమేజ్ పాడైతే మొత్తం ల్యాబుకు. అందుకే ఒకే సోర్స్ నుంచి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కట్టినా బైటుకు బైటు ఒకేలా వచ్చేలా చేయడం మీద డెబియన్ వాళ్లు 2013 నుంచి పట్టుదలగా పనిచేస్తున్నారు. ఐదువేల ఫైళ్ల ఇమేజ్‌ను అలా చేయడం కష్టం. ముప్పై ఫైళ్లదైతే, ఫైళ్ల తేదీలన్నీ ఒకటే చేసి, పేర్లను ఒకే క్రమంలో పేర్చి, ఆర్కైవ్ కడితే చాలావరకు సాధ్యమే. ఇద్దరు విడివిడిగా కట్టి, షా256 చెక్‌సమ్‌లు కలిశాయో లేదో చూసుకుంటే సరి.

ఓఎస్‌ను ఒకచోట తయారుచేసి అన్నిటికీ కాపీ కొట్టే పద్ధతిలో ఇంకో చిక్కుంది. 2012లో నాడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్ మీద కనిపించే కంప్యూటర్ల కీలను సేకరించి పరిశీలిస్తే, ఎస్ఎస్‌హెచ్ సేవ ఉన్న యంత్రాల్లో 9.6 శాతం ప్రమాదకరమైన రీతిలో ఒకదాని కీ మరొకటి పంచుకుంటున్నట్టు తేలింది. తయారీలోనే ఒకే కీ పెట్టేసి పంపడం ఒక కారణం, బూట్ అయిన తొలి క్షణాల్లో యాదృచ్ఛిక సంఖ్యలు తగినన్ని దొరక్క కీలు ఒకేలా పుట్టడం మరో కారణం. ల్యాబ్ స్థాయిలో దీని పిల్ల రూపం మరీ చిత్రంగా ఉంటుంది. మెషీన్ ఐడీ అనే ఫైలును తుడవకుండా కాపీ కొడితే కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో కంప్యూటర్లన్నీ డీహెచ్‌సీపీ సర్వర్ దగ్గర ఒకే పేరు చెప్పుకుంటాయి. సర్వర్ పాపం ఒకే మనిషి అనుకుని అందరికీ ఒకే ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఇనిట్ స్క్రిప్టులో రెండు వరుసలు, ఒకటి పాత కీలు తీసేయడానికి, ఒకటి ఐడీ ఖాళీ చేయడానికి, చేర్చితే తీరిపోయే బాధ ఇది.

మనిషి చెయ్యి పెట్టకుండా డిస్కులు చెరిపే సాధనానికి భయపడాల్సిన కారణమూ ఉంది. 2014 మేలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 ఎక్కించే ఆదేశం ఒకటి పొరపాటున క్యాంపస్‌లోని విండోస్ కంప్యూటర్లన్నిటికీ వెళ్లింది. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు, సర్వర్లు అనే తేడా లేకుండా అవి తమ డిస్కులు చెరుపుకోవడం మొదలెట్టాయి. సిబ్బంది గుర్తించి ఆపేసరికి, ఆదేశాన్ని పంపిన సర్వర్ కూడా తనను తాను ఫార్మాట్ చేసేసుకుంది. ఆటోమేషన్‌ను వ్యతిరేకించేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఇక్కడ బుద్ధిగా రాసిన ఇనిట్ స్క్రిప్టుకు ఒక సౌలభ్యం ఉంది. చెరిపే ముందు అది సర్వర్‌ను అడగగలదు: ఈ మ్యాక్ అడ్రస్ ఉన్న కంప్యూటర్‌ను ఈ రోజు ఇన్‌స్టాల్ చేయమని ఎవరైనా రాసిపెట్టారా? రాయకపోతే ఏమీ ముట్టుకోకుండా లోపలి డిస్కు నుంచే బూట్ అవ్వమని వదిలేయాలి. పని పూర్తయ్యాక సర్వర్ ఆ పేరు కొట్టేయాలి. లేకుంటే నెట్‌వర్క్ బూట్ ముందుండేలా పెట్టిన కంప్యూటర్ ప్రతి రీబూట్‌కూ తనను తాను కొత్తగా కట్టుకుంటూ కూర్చుంటుంది.

సొంతంగా కట్టడం అందరికీ అవసరమా అంటే కాదనే చెప్పాలి. పది కంప్యూటర్లున్న చోట డెబియన్ నెట్‌బూట్‌కు ఒక ప్రీసీడ్ ఫైలు, రెడ్‌హ్యాట్ తరహా వాటికి కిక్‌స్టార్ట్ ఫైలు రాసుకుంటే పనైపోతుంది. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో థామస్ లాంగే 1999లో మొదలుపెట్టిన ఫాయ్ అనే సాధనం ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. పెద్ద డేటా సెంటర్లకు కెనానికల్ వారి మాస్, ఓపెన్‌స్టాక్ ఐరానిక్ లాంటివి ఉన్నాయి. వాటి లోపలా చివరికి దొరికేది ర్యామ్‌లోకి దిగే ఒక చిన్న లినక్సే. దాని గురించి ఏమీ తెలియనివాళ్లు ఐరానిక్ నడపగలరు, అది చెడినప్పుడు మాత్రం నిస్సహాయంగా నిలబడతారు.

సెక్యూర్ బూట్ అనేది ఇంకో నిజమైన అడ్డంకి. సొంతంగా కట్టిన కెర్నెల్‌కు గుర్తింపు పొందిన సంతకం ఉండదు కనుక కొత్త కంప్యూటర్లు దాన్ని దగ్గరకు రానివ్వవు. చాలామంది సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేసి చేతులు దులుపుకుంటారు. కాస్త తెలివైనవాళ్లు డిస్ట్రిబ్యూషన్ సంతకం చేసిన కెర్నెల్ తీసుకుని, పక్కన సొంత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ పెడతారు. అది బూట్ అవుతుంది. ఎందుకు అవుతుందో ఆలోచిస్తే కొంచెం గుండె జారుతుంది: మామూలుగా ఆ గొలుసులో సంతకం పరిశీలన కెర్నెల్‌తో ఆగిపోతుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను ఎవరూ సరిచూడరు. రెండిటినీ ఒకే ఫైలుగా అతికించి మొత్తానికి సంతకం చేసే యూనిఫైడ్ కెర్నెల్ ఇమేజ్ పద్ధతి ఈ బొక్క పూడ్చడానికి వచ్చిందే. సొంత కీ తయారుచేసుకుని ల్యాబ్ కంప్యూటర్లలో ఒకసారి నమోదు చేస్తే ఈ చిక్కు విడిపోతుంది. కీని ఎక్కడ దాచాలన్నది మళ్లీ వేరే తలనొప్పి.

పరిశ్రమ మాత్రం ఈ బుల్లి లినక్స్‌ను ఎప్పుడో నెత్తిన పెట్టుకుంది. డేటా సెంటర్లలో వాడే నెట్‌వర్క్ స్విచ్‌లకు క్యుములస్ నెట్‌వర్క్స్ తెచ్చిన ఓనీ అనే ఏర్పాటు అచ్చంగా ఇదే: స్విచ్ ఫ్లాష్‌లోనే కెర్నెల్, బిజీబాక్స్‌లతో ఒక ఇన్‌స్టాలర్ కూర్చుని ఉంటుంది, డీహెచ్‌సీపీని అడుగుతుంది, ఓఎస్ ఎక్కడుందో వెతికి తెచ్చుకుని వేసుకుంటుంది. స్విచ్ అమ్మిన కంపెనీ ఓఎస్‌నే వాడాలన్న కట్టడి అలా సడలింది. రాన్ మినిచ్ 1999లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో మొదలెట్టిన ఆలోచన 2018లో లినక్స్‌బూట్ పేరుతో లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందకు చేరింది. అందులో సర్వర్ ఫర్మ్‌వేర్‌లో చాలా భాగాన్ని తీసేసి ఆ స్థానంలో చిన్న లినక్స్‌నే పెడతారు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చిన్న నష్టం ఉన్న మాట నిజం. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను తెలుగులో నడపవచ్చు, గ్రాఫికల్ రూపంలో మాత్రమే. లినక్స్ టెక్స్ట్ కన్సోల్ ఒక ఫాంటులో 512 ఆకారాలకు మించి పట్టుకోలేదు, పైగా గుణింతాలూ ఒత్తులూ కలిపి గీసే తెలివి దానికి లేదు. మినిమల్ ఇమేజ్‌లో తెలుగు కనపడాలంటే గ్రాఫిక్స్, ఫాంటు, అక్షరాలు కూర్చే ఇంజిన్ అన్నీ లోపలికి రావాలి, అప్పుడు అది మినిమల్ కాదు. ఎవరూ చూడని తెర కాబట్టి ఆటోమేటెడ్ ఇన్‌స్టాల్‌లో ఇది సహించదగిన లోటే. కట్టబోయే ఓఎస్‌లో తెలుగు ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్ ఉండేలా చూడటం ముఖ్యం, అది ఇమేజ్ బరువును ఒక్క బైటూ పెంచదు.

ఇక కాలేజీల సంగతి. జేఎన్‌టీయూ తరహా ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ సిలబస్ తెరిస్తే ఎఫ్‌సీఎఫ్ఎస్, ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్‌ను సీ భాషలో అనుకరించే ప్రోగ్రాములు, డెడ్‌లాక్ తప్పించే బ్యాంకర్స్ అల్గారిథమ్ కనిపిస్తాయి. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ రికార్డు పుస్తకంలో ఏళ్ల తరబడి ఒకే అవుట్‌పుట్ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు దిగుతూ రావడానికి ఈ ప్రోగ్రాములు చాలా అనువైనవి. వాటిలో రెండు తీసేసి ఒక ఇమేజ్ కట్టే ప్రయోగం పెట్టవచ్చు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. క్యూఈఎమ్‌యూ అనే ఉచిత ఎమ్యులేటర్‌లో కెర్నెల్‌నూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌నూ నేరుగా ఇచ్చి కొన్ని సెకన్లలో బూట్ చేసి చూడవచ్చు, చెడితే చెడేది ఒక ఊహా కంప్యూటర్ మాత్రమే. బిల్డ్‌రూట్ అనే సాధనం మొత్తాన్ని ఒక్క మేక్ కమాండ్‌తో కట్టిపెడుతుంది. తొలిసారి మాత్రం దాన్ని వాడనివ్వకుండా చేత్తోనే కట్టించాలి.

నాలుగు వారాల ల్యాబ్ సరిపోతుంది. తొలి వారం కెర్నెల్, బిజీబాక్స్ కట్టి షెల్ ప్రాంప్ట్ తెప్పించడం. రెండో వారం నెట్‌వర్క్. మూడో వారం పార్టిషన్, ఫైల్ సిస్టమ్, సంతకం సరిచూసిన టార్ ఫైలును దించడం. నాలుగో వారం ల్యాబులోని ఒక నిజమైన పాత కంప్యూటర్ మీద, పీఎక్స్ఈతో. ఏడాది చివర ఆ ఇమేజ్‌తోనే ల్యాబ్ మొత్తాన్ని కొత్తగా కడితే ల్యాబ్ అసిస్టెంట్‌కు పెన్‌డ్రైవ్ మోసే పని తప్పుతుంది, ఇమేజ్‌లో దాగిన తప్పులూ ఆ రోజే బయటపడతాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వైవాకు ప్రశ్నలు వెతుక్కోనక్కర్లేదు. ఓఎస్ సగం దిగాక నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఇనిట్ స్క్రిప్టు సగం డిస్కుతోనే రీబూట్ కొట్టిందా, మళ్లీ ప్రయత్నించిందా, ఏం జరిగిందో తెరమీద రాసి ఆగిందా అని చూసి మార్కులు వేయవచ్చు.